అందరికీ తెరిచిన ఫోల్డర్

ఉదయం ఎనిమిదీ పది.

నందిగామ బస్టాండు ఎదురు సందులోని జిరాక్స్ షాపు ముందు ఒక బైక్ ఆగింది. దిగినవాడికి ముప్పై ఆరేళ్లుంటాయి. చేతిలో టూల్ బ్యాగు, చొక్కా జేబు మీద 'యూపీఎస్ సర్వీస్' అని ఎర్రదారంతో కుట్టిన అక్షరాలు, మూడు రోజుల గడ్డం. ఎవరు చూసినా బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోసి వెళ్లే మనిషే అనుకుంటారు. అలా అనుకోవాలనే ఆ గడ్డం పెంచాడు.

"లీగల్ సైజు పేపరుందాండి?"

కౌంటర్లో మనిషి తలెత్తలేదు. "తడిసిపోయిందండి."

"ఎండబెట్టలేదా?"

"మబ్బుగా ఉందండి."

బయట ఎండ పేలిపోతోంది. కోడ్ సరిపోయింది. కౌంటర్ పలక పైకి లేచింది. ఏజెంట్ దత్తాత్రేయ కాగితాల బొత్తుల మధ్యనుంచి వెనక గదిలోకి వెళ్లాడు.

లోపల కుటుంబరావు ఇడ్లీ తింటున్నాడు. ఊరికి ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. దేశానికి ఈ సరిహద్దు ప్రాంతపు కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్. పాఠం చెప్పినా మిషన్ చెప్పినా ఆయన గొంతు ఒక్కటే.

"బెన్నిని చంపేశారు," అన్నాడు కుటుంబరావు.

దత్తాత్రేయ కూర్చోబోయేవాడల్లా ఆగిపోయాడు. బెన్ని వాళ్ల ఇన్‌ఫార్మర్. ఎనిమిది నెలలుగా 'హెరాన్' ముఠాలో లారీ క్లీనర్‌గా చేరి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కబుర్లు మోసినవాడు.

"నిన్న సాయంత్రం. చిల్లకల్లు దగ్గర లారీ గుద్దిందని అందరూ అనుకుంటున్నారు. అనుకోనిద్దాం. పోయేముందు ఈ మెసేజ్ పంపాడు."

చీఫ్ ఫోన్ ముందుకు తోశాడు. స్క్రీన్ మీద అయిదు ముక్కలు. 'రేపు పగలు 11.40. సిమెంట్ లారీ. యార్డులో ఆగదు. సెట్టింగ్ మారుస్తారు. మనిషి మనవాళ్లే.'

"లారీలో ఏముంది సర్?"

"వేరే జిల్లా క్వారీ నుంచి మాయమైన పన్నెండు వందల ఎలక్ట్రానిక్ డిటొనేటర్లు. బస్తాల మధ్య ఉన్నాయి. హెరాన్ వెనక ఏ దేశం ఉందో నీకు తెలుసు. సరిహద్దు దాటితే వాటిని మూడు బళ్లలోకి మార్చేస్తారు. తర్వాత ఎక్కడ పేలాయో మనం పేపర్లో చదువుకోవాలి."

గరికపాడు దగ్గర, హైవే పక్కన కొత్తగా కట్టిన ఖనిజ లారీల స్కానింగ్ యార్డు ఉంది. సున్నపురాయీ సిమెంటూ తీసుకుని తెలంగాణలోకి వెళ్లే ప్రతి బండీ దాంట్లోంచే వెళ్లాలి. అక్కడి కంప్యూటర్లో 'ద్వారం' అనే సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. కెమెరా లారీ నంబరు చదువుతుంది. రెడ్ పడితే బండి స్కానింగ్ షెడ్డులోకి పోవాలి. గ్రీన్ పడితే గేటు దానంతటదే లేస్తుంది. లోడింగ్ దగ్గరే స్కాన్ చేసి సీలు వేసిన నలభై లారీలకు మాత్రం మినహాయింపు. వాటి నంబర్లన్నీ ఒక లిస్టులో ఉంటాయి. ఆ లిస్టులోకి నలభై ఒకటో నంబరు చేరితే చాలు, హెరాన్ పని అయిపోయినట్టే.

"ఆ లిస్టు ఎక్కడుంటుంది?" అడిగాడు చీఫ్.

"ప్రోగ్రామ్ డేటా ఫోల్డర్లో సర్. అందరికీ కలిపి ఉండాల్సిన సెట్టింగులు అక్కడే పెట్టాలి. ఎవరి సొంత ఫోల్డర్లో వాళ్లకి పెడితే ఒక్కో లాగిన్‌కి ఒక్కో లిస్టు తయారవుతుంది. సాఫ్ట్‌వేర్ పక్కనే పెడితే మామూలు లాగిన్‌తో దాంట్లో ఏమీ రాయలేరు. కాబట్టి చోటు సరైందే."

"చోటు సంగతి సరే. దాన్ని ఎవరు మార్చగలరు?"

దత్తాత్రేయ టూల్ బ్యాగు వైపు చూశాడు.

"ఎవరైనా సర్."

"ఎవరైనా అంటే?"

"ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా."

"అలా పెట్టిందెవరు?"

"సంతకం నాది."

సంతకం అతనిదే. మాట మాత్రం తోటి ఏజెంట్ సంయుక్తది. రెండేళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్ల వేషంలో ఇద్దరూ ఆ యార్డుకెళ్లి ద్వారాన్ని ఇన్‌స్టాల్ చేశారు. లిస్టును అందరూ చదవొచ్చు, అడ్మిన్ ఒక్కడే రాయాలి అన్నాడతను. 'నువ్వు మరీ చాదస్తం దత్తా' అంది ఆమె. 'షిఫ్టు మారినప్పుడల్లా ఒక్క నంబరు కోసం నీకు ఫోన్ చేస్తారు. సినిమా హాల్లో ఉన్నా వదలరు. అందరికీ రాసే హక్కు ఇచ్చెయ్.' అన్నాక నవ్వింది. అతను ఇచ్చేశాడు. సంయుక్త నవ్వాక అతను ఏదైనా కాదన్నది అప్పటికే లేదు, తర్వాతా లేదు.

"నువ్వు యార్డుకి వెళ్లు," అన్నాడు చీఫ్. "ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారో చూడు. గన్ను వద్దు, గేటు దగ్గర మెటల్ డిటెక్టరుంది. ఇదిగో, చొక్కాకి రెండో బొత్తాం ఇది పెట్టుకో, కెమెరా. ఇంకో మాట. ఈ విషయం సంయుక్తకి తెలియకూడదు."

"సర్, ఆమె..."

"మనవాళ్లే అన్నాడు బెన్ని. ఆ సాఫ్ట్‌వేర్ సంగతి తెలిసిన మనవాళ్లు ముగ్గురు. నేను కాదు. నువ్వు కాదనే అనుకుంటున్నా."

దత్తాత్రేయకి ముఖం మీద కొట్టినట్టయింది. రెండేళ్లు, మూడు మిషన్లు. తన భుజానికి గుండు తగిలి పడి ఉంటే పదకొండు రోజులు ఆస్పత్రి బెంచీ మీద పడుకున్న మనిషి ఆమె. వచ్చే నెల రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్దామని ఇద్దరూ అనుకున్నారు. ఇదంతా చీఫ్‌కి చెప్పలేదు. సరే సర్ అని బయటికొచ్చాడు.

చీఫ్ ఆజ్ఞను అతను పద్దెనిమిది నిమిషాలు పాటించాడు. పంతొమ్మిదో నిమిషంలో హైవే పక్కన బైక్ ఆపి ఆమెకు ఫోన్ చేసి, అంతా చెప్పాడు.

"నన్ను అనుమానిస్తున్నారా?" అంది సంయుక్త.

"ఆయన సంగతి వదిలెయ్. నేను నమ్ముతున్నాగా."

"జగ్గయ్యపేట వచ్చెయ్. నేనూ వస్తున్నా."

జగ్గయ్యపేటలో ఆ టిఫిన్ హోటల్లోకి సంయుక్త అడుగుపెట్టేసరికి దోసె వేసేవాడి అట్లకాడ గాల్లోనే ఆగింది. ఆవపువ్వు రంగు కాటన్ చీర, నల్లకళ్లద్దాలు, మెళ్లో 'సాఫ్ట్‌వేర్ ట్రైనర్' అని కార్డు. ఏ వేషం వేసినా ఆమెను చూసినవాళ్లు మరిచిపోరు. గూఢచారికి అది లోపమే. కానీ ఆ లోపాన్ని ఎవరూ ఎత్తిచూపలేదు.

ఆమె చకచకా ప్లాన్ చెప్పింది. "ఇద్దరం ఒకచోట ఉంటే లాభం లేదు. లారీ ముక్త్యాల వైపునుంచే రావాలి. అక్కడ పార్కింగ్‌లో లోడు లారీలు నిలబడి ఉంటాయి. నువ్వెళ్లి ఏది తేడాగా ఉందో చూడు. నేను ట్రైనింగ్ పేరుతో యార్డులో కూర్చుంటా. లిస్టు మీదే కన్నేసి ఉంచుతా. నీ కీ ఇవ్వు."

అడ్మిన్ కీ చిటికెన వేలి గోరంత యూఎస్‌బీ ముక్క. లిస్టులో నంబరు చేర్చడానికి అదేమీ అక్కర్లేదు, ఎవరైనా చేర్చొచ్చు. చేర్చింది తీయకుండా ఆ ఫైలుకు తాళం వేయాలంటే మాత్రం ఆ కీ కావాలి. అది దత్తాత్రేయ పేరు మీద ఉంది, ప్రపంచంలో అదొక్కటే ఉంది.

"ఎవరైనా కొత్త నంబరు చేర్చబోతే వెంటనే తాళం వేసేస్తా," అంది.

అతను కీచెయిన్‌లోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

లారీల పార్కింగ్‌లోకి వెళ్లడానికి పసుపు సేఫ్టీ జాకెట్ తొడుక్కున్నాడు. ఎడమ భుజం దగ్గర చిరిగి ఉంది. "ఇలాగేనా వెళ్లేది?" అని ఆమె చీర కుచ్చిళ్లలోంచి ఒక పిన్నీసు తీసింది. తల మీద ఎర్రపూస ఉన్న పెద్ద పిన్నీసు. చిరుగు దగ్గరికి లాగి గుచ్చి, భుజం మీద ఒకసారి తట్టింది.

"జాగ్రత్త," అంది. హోటల్లో అందరూ చూస్తున్నారు. దత్తాత్రేయకు అదేమీ పట్టలేదు. ముక్త్యాల దాకా ఆ తట్టు అతని భుజం మీదే ఉంది.

ముక్త్యాల చేరేసరికి పదిన్నర దాటింది. రోడ్డు పక్కన పార్కింగ్‌లో అరవై లారీలదాకా ఉన్నాయి. అన్నిటి మీదా అదే నీలం టార్పాలిన్, అదే దుమ్ము. ఏది తేడాగా ఉందో కనిపెట్టడం దేవుడి తరం కూడా కాదు. ఇంత తెలివైన సంయుక్తకు ఆ సంగతి ఎందుకు తట్టలేదా అని అతనికి మొదటిసారి అనిపించింది. అనిపించిన మరుక్షణం ఆ ఆలోచనను తరిమేశాడు.

రెండు లారీల మధ్య సందులోకి తిరిగాడు. అక్కడ ఒకడు చిరిగిన బస్తా కుడుతున్నాడు. దత్తాత్రేయ దాటి వెళ్తుంటే వాడు ముఖం చూడలేదు, భుజం చూశాడు.

దబ్బనం గాల్లో మెరిసింది. జానెడు పొడుగు ఇనుప సూది, సూటిగా మెడకి. దత్తాత్రేయ పక్కకి ఒరిగాడు. సూది జాకెట్‌ను చీల్చుకుంటూ పోయింది. టూల్ బ్యాగు ఎత్తి వాడి చెంప మీద కొట్టాడు. అందులో నాలుగు కిలోల బ్యాటరీ ఉంది. వాడు టైరు మీద పడి, లేచి, మళ్లీ దూకాడు. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. దబ్బనం అతని కంటికి అంగుళం దూరం దాకా వచ్చింది. మోకాలితో వాడి డొక్కలో పొడిచి, టార్పాలిన్ తాడు అందుకుని, చేతులు వెనక్కి విరిచి బంపర్‌కి కట్టేశాడు.

వాడి జేబులో ఫోన్. తెరిచి చూశాడు. ఆఖరి మెసేజ్ తొమ్మిదీ నలభైకి వచ్చింది.

'పసుపు జాకెట్లు చాలామందికి ఉంటాయి. ఎడమ భుజం మీద ఎర్రపూస పిన్నీసు ఉన్నవాడు.'

దత్తాత్రేయ అది మూడుసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ ఇంకో అర్థం ఉంటుందేమోనని చూశాడు. లేదు. చేత్తో భుజం తడుముకున్నాడు. పిన్నీసు అక్కడే ఉంది, ఎర్రపూసతో సహా. చంపేవాడికి గుర్తు పెట్టడానికి ఆమె తన చీర కుచ్చిళ్లలోంచి తీసి గుచ్చింది. తట్టి మరీ గుచ్చింది.

అతనికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. లారీ పక్కన నిలబడి జరగని పెళ్లికి మేళం మాట్లాడుకున్న మనిషిలా సిగ్గుపడ్డాడు.

అప్పుడే అతని సొంత ఫోన్ మోగింది. ద్వారం సాఫ్ట్‌వేర్ నుంచి అడ్మిన్‌కి వచ్చే మెసేజ్. 'సెట్టింగ్స్ మార్చబడినవి. ఫైలుకు తాళం వేయబడినది. మార్చినవారు: దత్తాత్రేయ. సమయం 10.52.'

పదీ యాభై రెండుకి దత్తాత్రేయ ముక్త్యాల దుమ్ములో దొర్లుతున్నాడు.

వెంటనే చీఫ్ ఫోన్. "ఆ మెసేజ్ నాకూ వచ్చింది. నువ్వేనా?"

"నా కీ సర్. చెయ్యి నాది కాదు."

"ఎవరికిచ్చావ్?"

దత్తాత్రేయ చెప్పాడు. చీఫ్ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

"సరిహద్దు మూయించాలంటే పైనుంచి ఆర్డరు రావాలి. గంట పడుతుంది," అన్నాడు కుటుంబరావు. "అది రాగానే నేను నందిగామ నుంచి బయల్దేరతా. నాకన్నా నువ్వే దగ్గర. ఆ లారీ దాటిందంటే దాన్ని పంపించింది నువ్వే అవుతావు దత్తాత్రేయా. కాగితం మీద ఇంకెవరి పేరూ లేదు."

బైక్ జగ్గయ్యపేట మీదుగా గరికపాడు చేరేసరికి పదకొండూ ఇరవై ఎనిమిది. యార్డు ముందు లారీల వరస అరకిలోమీటరు ఉంది. గేటు దగ్గర గార్డు నెహెమ్యా ఈల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఒక పావుగంట లారీలన్నీ ఆపగలవా?"

"నువ్వెవరు?"

దత్తాత్రేయ జాకెట్ పక్కకి తీసి చొక్కా జేబు మీది అక్షరాలు చూసుకున్నాడు. "యూపీఎస్ మెకానిక్‌ని."

"గ్రీన్ పడ్డ బండిని ఆపానని మొన్ననే మెమో ఇచ్చారు బాబూ. స్క్రీన్ ఏం చెబితే అదే. స్క్రీన్ రెడ్డంటే మా నాన్న వచ్చినా ఆపుతా, గ్రీనంటే దొంగైనా పోవాల్సిందే. లోపలికెళ్లి నీ పని చూసుకో."

కంట్రోల్ రూమ్‌లో ఒక కంప్యూటర్, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. కంప్యూటర్ ముందు ఆపరేటర్ బసవమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. ముక్కు మీదికి జారే కళ్లజోడు, పక్కన స్టీలు ఫ్లాస్కు. రెండో కుర్చీలో సంయుక్త టీ తాగుతోంది.

అతన్ని చూడగానే ఆమె చేతిలో గ్లాసు ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్లీ టీ తాగింది.

"యూపీఎస్ కంప్లయింటు ఇచ్చారంటండి," అన్నాడు దత్తాత్రేయ బసవమ్మతో.

"హమ్మయ్య, ఇన్నాళ్లకొచ్చారా! ఫోన్ చేసి నెల్రోజులైంది. బీప్ బీప్ అంటా తల తినేస్తందండీ."

అతను బల్ల కింద యూపీఎస్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. సంయుక్త కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు. తెరిచిన జిప్పులోంచి నల్లటి గొట్టం అతని నుదుటికి ఎదురుగా ఉంది. ట్రైనర్ కార్డు చూసి గేటు దగ్గర ఆ బ్యాగును ఎవరూ తెరిపించినట్టు లేదు.

"రెండో బొత్తాం పీకి నాకివ్వు," అంది మెల్లగా. పీకి ఇచ్చాడు. "అరిచావా, ముందు ఈవిడ పోతుంది. తర్వాత నువ్వు."

"కీ ఏది?"

ఆమె గ్లాసు వంచి చూపించింది. టీ అడుగున అతని కీ పడి ఉంది.

"ఏ లారీ?"

"తెలుసుకుని ఏం చేస్తావ్? లిస్టు చదివే హక్కు కూడా తీసేసా. కంప్యూటర్లో వెనకాల దానంతటదే నడిచే సర్వీసుకి తప్ప అదెవరికీ కనబడదు. నలభై ఒక్క లారీలకి గ్రీన్ పడుతుంది. దేన్ని ఆపుతావ్?"

గేటు లేచింది. ఒక లారీ వెళ్లింది. గేటు పడింది. గోడ గడియారంలో పదకొండూ ముప్పై మూడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు దత్తాత్రేయ.

"ఫోల్డర్ దగ్గర్నుంచి."

"అంటే మొదట్నుంచీ."

"అందరికీ రాసే హక్కు ఇవ్వమని నేనడిగిన రోజు నువ్వు కాదంటావనుకున్నా. కాదని ఉంటే నన్ను ఇంకో చోటికి మార్చేవాళ్లు. నువ్వు ఊఁ అన్నావ్."

"తర్వాత రెండేళ్లు? ఆస్పత్రిలో పదకొండు రోజులు?"

ఆమె చూపు తిప్పుకుంది. "కీ మాత్రం నువ్వు ఎవరికీ ఇచ్చేవాడివి కాదు దత్తా. ఈరోజు దాకా ఇవ్వలేదు."

అంత మామూలుగా చెప్పింది. తను నమ్మకం అనుకున్నది ఆమె రెండేళ్లపాటు ఓపిగ్గా చేసిన డ్యూటీ అని అతనికి ఇప్పుడు తెలిసింది. ఆ పదకొండు రోజుల్లో తను ఎన్నిసార్లు ఆమెకు థ్యాంక్స్ చెప్పాడో గుర్తొచ్చి, చచ్చిపోవాలనిపించింది.

"బాబూ, మీకు కంప్యూటర్ కూడా తెలుసాండీ?" బసవమ్మ వంగి చూసింది. "పొద్దున మేడంగారు ట్రైనింగని ఏదో నొక్కారు. అప్పట్నించీ అక్షరాలు చీమల్లా అయిపోయాయి. నంబర్లు కనబడట్లేదు."

దత్తాత్రేయ తల పైకెత్తి స్క్రీన్ చూశాడు. పై మూల చిన్న అక్షరాల్లో 'స్వాగతం, రత్తయ్య' అని ఉంది.

"రత్తయ్య ఎవరండీ? ఇక్కడ మీరేగా ఉన్నది?"

"ఆయన రిటైరయ్యారండి, ఏడాదిన్నరైంది. మా ముగ్గురికీ వేరే లాగిన్లు ఇచ్చారు కానీ, షిఫ్టు మారినప్పుడల్లా మూసి తెరిచేది ఎవరండీ? అందరం ఆయన లాగిన్‌లోనే చేసుకుంటాం. ఆయనకి మొన్న ఫోన్‌లో చెబితే సంబరపడిపోయారు, నేనింకా డ్యూటీలోనే ఉన్నానన్నమాట అని."

రత్తయ్య. దత్తాత్రేయకు ఆ గొంతు గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ పెట్టిన వారానికే ఫోన్ చేసి కేకలేశాడు. 'మీ లిస్టులో ఉంటే నాకేంటండీ? నా డ్యూటీలో ప్రతి బండీ షెడ్డుకెళ్లాల్సిందే. సీలూ గీలూ నేను నమ్మను. నాకో టిక్కు పెట్టండి.' ఆ మొండి మనిషి పోరు పడలేక, ఒక మధ్యాహ్నం కూర్చుని టిక్కు పెట్టాడు. ఎవరి లాగిన్‌లో వాళ్లకి ఉండే 'నా ఇష్టాలు' అనే కిటికీలో, అక్షరాల సైజు కింద, 'మినహాయింపు లిస్టు వాడాలి' అని. ఆ ఇష్టాలు ఆ మనిషి సొంత ఫోల్డర్లో ఉంటాయి. అందరి సెట్టింగూ సొంత సెట్టింగూ వేరువేరుగా ఉంటే, సొంతదే చెల్లుతుంది. ఆయన రిటైరయ్యాక ఎవరో ఆ టిక్కును మళ్లీ పెట్టేసి ఉంటారు, అందుకే సీలు బళ్లకి ఇప్పుడు గ్రీన్ పడుతోంది.

ఆ టిక్కు సంగతి సంయుక్తకు చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పుకునేంత విషయం అనిపించలేదు. రెండేళ్లలో ఆమెకు చెప్పనిది అదొక్కటే.

"పైన 'నా ఇష్టాలు' అని ఉంటుంది, నొక్కండి," అన్నాడు, స్క్రూడ్రైవర్ తిప్పుతూ.

హ్యాండ్‌బ్యాగు కదిలింది. "ఏంటది?" అంది సంయుక్త.

"అక్షరాలు పెద్దవి చేస్తున్నా. నంబరు కనబడకపోతే ఈవిడ లారీలన్నీ ఆపేస్తుంది. నీకే నష్టం."

సంయుక్త ఆలోచించింది. స్క్రీన్ ఆమెకు ఓరగా ఉంది, దాన్నిండా ఎలాగూ చీమలే. ఊఁ అంది.

"సైజు పద్దెనిమిది పెట్టండి. కింద ఒక టిక్కుంటుంది, తీసెయ్యండి. లేకపోతే సైజు నిలవదు. ఓకే కొట్టండి."

"కొట్టానండీ. ఏం పెరగలేదే?"

"ప్రోగ్రామ్ ఒకసారి మూసి తెరవాలి," అంటూ దత్తాత్రేయ యూపీఎస్ ప్లగ్గు లాగేశాడు.

స్క్రీన్ నల్లబడింది. గేటు దగ్గర హారన్లు మొదలయ్యాయి. పదకొండూ ముప్పై ఏడు.

సంయుక్త పెదవి చివర నవ్వింది. ఒకప్పుడు అతన్ని ఏదైనా ఒప్పించిన నవ్వు. "రెండు నిమిషాలు ఆలస్యం చేస్తావ్, అంతే. మళ్లీ లేచాక అదే ఫైలు చదువుతుంది."

"తెలుసు," అన్నాడు.

ప్లగ్గు మళ్లీ పెట్టాడు. కంప్యూటర్ మూలుగుతూ లేచింది. బసవమ్మ కీబోర్డు తిరగేసింది. వెనకాల అంటించిన చీటీలో రత్తయ్య పాస్‌వర్డు. ఒక్కవేలితో ఒక్కో అక్షరం కొట్టింది. తప్పు అంది కంప్యూటర్. "అయ్యో రామా" అని మళ్లీ మొదటినుంచీ కొట్టింది. దత్తాత్రేయ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

కిటికీ అవతల గేటు ముందుకి ఒక లారీ వచ్చి ఆగింది. నీలం టార్పాలిన్. డ్రైవర్ తల బయటపెట్టాడు. "ఏందక్కా, గేటు లేపవా? గిట్ల నిలబెడ్తె ఎట్ల?"

సంయుక్త గడియారం చూసింది. తర్వాత లారీని చూసింది. ఆ చూపు అతనికి చాలు. ఇదే బండి.

పదకొండూ నలభై. ద్వారం తెరుచుకుంది. ఈసారి అక్షరాలు తాటికాయలంత ఉన్నాయి. కెమెరా నంబరు చదివింది. గుండ్రం తిరిగింది, తిరిగింది, ఆగింది.

రెడ్.

"అదేంటండీ," అంది బసవమ్మ, "సీలున్న బండికి రెడ్డు పడింది!"

నెహెమ్యాకు ఆ సందేహాలేమీ లేవు. ఈల ఊదాడు. "షెడ్డుకి పోనియ్! షెడ్డుకి!" డ్రైవర్ అటూ ఇటూ చూసి, తలుపు తీసి దూకి పరుగెత్తాడు. స్క్రీన్ రెడ్డన్న మనిషి పారిపోతుంటే నెహెమ్యా ఊరుకుంటాడా? నలభై గజాల్లో పట్టుకుని మీద కూర్చున్నాడు.

సంయుక్త లేచి నిలబడింది. పిస్తోలు బ్యాగులోంచి బయటికొచ్చింది. అది దత్తాత్రేయ గుండెకి తిరిగేలోపు, బసవమ్మ చేతిలోని స్టీలు ఫ్లాస్కు ఆమె మణికట్టు మీద పడింది. పిస్తోలు నేల మీద జారింది. దత్తాత్రేయ దాని మీద కాలు పెట్టాడు.

"మొదట మొగుడూ పెళ్లాల గొడవనుకున్నానండీ," అంది బసవమ్మ రొప్పుతూ. "మధ్యలో వెళ్లడం ఎందుకులే అని ఊరుకున్నా. ముందు ఈవిడ పోతుంది అందిగా, అప్పట్నించీ ఫ్లాస్కు పట్టుకునే కూర్చున్నా."

సంయుక్త గోడకి ఆనుకుని మణికట్టు పట్టుకుంది. పారిపోవాలని చూడలేదు. స్క్రీన్ వైపే చూస్తోంది.

"ఫైలుకి తాళం వేసా. ఎలా?"

"ఫైలు ముట్టుకోలేదు. రత్తయ్య లాగిన్‌లో దాన్ని చదవొద్దని టిక్కు తీయించా."

"ఆ టిక్కు ఎప్పుడు పెట్టావ్?"

"రెండేళ్లయింది."

ఆమె అతన్ని తేరిపార చూసింది. నల్లకళ్లద్దాలు లేవు. కళ్లలో నిజంగానే నొప్పి ఉంది.

"నాకు చెప్పలేదే," అంది.

దత్తాత్రేయ భుజం మీది పిన్నీసు తీసి, మూసి, బల్ల మీద పెట్టాడు. ఆ మాటకి అతనికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కళ్లు మండాయి. నెహెమ్యా వచ్చి తలుపు దగ్గర కాపలా నిలబడ్డాక, పిస్తోలు తీసుకుని, చేతులు కడుక్కునే వంకతో బయటికి వెళ్లి కొళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

కుటుంబరావు వచ్చేసరికి పన్నెండున్నర. అప్పటికి షెడ్డులో బస్తాలు దించి డిటొనేటర్ల పెట్టెలు వరసగా పెట్టారు. సంయుక్తను జీపెక్కించారు. ఆమె వెనక్కి తిరిగి చూస్తుందేమోనని దత్తాత్రేయ చూశాడు. ఆమె చూడలేదు.

"విచారణ ఉంటుంది," అన్నాడు చీఫ్. "లారీ ఆపావని మెడలో దండేస్తారు. కీ ఇచ్చావని జీతం కోస్తారు. రెండూ ఒకే రోజు చెయ్యమని చెబుతాలే."

"సరే సర్."

"ఆ ఫోల్డర్ సంగతి ఇప్పుడే తేల్చెయ్. లిస్టును వేరే చోటికి మార్చాలా?"

"అక్కర్లేదు సర్. చోటు అదే. అందరూ చదవాలి. రాసే హక్కు మాత్రం ఒక్కడికే ఉండాలి."

కుటుంబరావు కళ్లజోడు పైకి తోసి అతన్ని చూశాడు. "ఆ ఒక్కడూ నువ్వేనా?"

దత్తాత్రేయ జీపు వెళ్లిన వైపు చూశాడు. దుమ్ము ఇంకా అణగలేదు.

"నా పేరు తీసెయ్యండి సర్. రత్తయ్య గారిని పిలిపించండి. ఆయన ముందు ఎవరు నవ్వినా టిక్కు మారదు."